ఎర్రావు నిలబడింది

నల్లావు మళ్ళీ ఎర్రావు మీదకి ఎక్కింది.

"కడుపుతో ఉన్నదానివి, నీకేం పోయేకాలమే," అంటూ కోడలు కర్ర తీసింది.

"కొట్టకమ్మా. కాసేపు చూడనీ."

దడి అవతల ఎవరో పెద్దాయన. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అత్త మంచం మీంచి లేచింది.

"ఎవరయ్యా నువ్వు? ఆవుల్ని ఎప్పుడూ చూళ్ళేదా?"

"రోజూ చూస్తూనే ఉంటానమ్మా."

"అయితే మీ ఇంటికెళ్ళి చూసుకో."

ఆయన కదల్లేదు.

"ఎర్రది చూడి కట్టిందా తల్లీ?"

కోడలి గొంతు తగ్గింది.

"లేదండీ. పశువుల డాక్టరుకి ఎప్పుడు వీలైతే అప్పుడు చూడి సూది వేయించాం. నిలవలేదు. ఎదకొచ్చి ఒక్కసారి అరిచిన పాపాన పోలేదు. గొడ్డుదని మా ఆయన ఈ వారంలో కోతకి అమ్మేస్తారట. దూడప్పటి నుంచీ నేనే పెంచాను."

"ఇప్పుడు ఎదలోనే ఉంది."

"నల్లదేమో. ఎక్కేది అదేగా?"

"ఎక్కేదాన్ని చూడకు. ఎక్కించుకుని కదలకుండా నిలబడేదాన్ని చూడు."

కోడలు చూసింది.

నల్లావు బరువంతా మీద పడినా ఎర్రావు అడుగు పక్కకి వేయలేదు.

ఇన్నాళ్ళూ కర్రతో విడదీసి, ఎర్రావుని దూరంగా కట్టేసింది తనే.

"ఇది నోరులేని పిల్ల. అరవదు," అన్నాడాయన. "పొద్దున నిలబడింది కాబట్టి సాయంత్రం సూది వేయించు. ఇప్పుడే పరిగెత్తకు."

"నోరులేనిదా? మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరనుకున్నానే," అంది అత్త, కోడలి వంక చూసి.

కోడలు పట్టించుకోలేదు.

"మీరు డాక్టరా అండీ?"

"కాదులే," అని ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం సూది పడింది.

ఎర్రావు మళ్ళీ ఎదకి రాలేదు. కొన్నాళ్ళకి డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "నిలిచింది" అన్నాడు. ఇంట్లో అమ్మకం మాట ఎవరూ ఎత్తలేదు.

ఏడాది తిరక్కుండా పెయ్యదూడని వేసింది. తల్లి రంగే.

ఒకరోజు భార్యాభర్తలు కేంద్రంలో పాలు పోసి వస్తున్నారు. రోడ్డు మీద ఆ పెద్దాయన వ్యాన్ ఎక్కుతూ కనిపించాడు.

"అదుగోనండీ, ఆయనే. పిలవండి."

పిలిచేలోపే వ్యాన్ కదిలిపోయింది.

"ఏ మహానుభావుడో. ఇల్లెక్కడో కనుక్కుని ఓ పూట పాలిచ్చి వద్దాం," అంది.

భర్త వెళ్ళిపోతున్న వ్యాన్ వంకే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు ఎర్రావుని కోతకి కొనడానికి చూసి రమ్మని నేను పంపింది అతన్నేనే. తిరిగొచ్చి, నీ ఆవు నాకు పనికిరాదు అన్నాడు."