దిద్దని ప్రూఫులు

“ఒక్క తప్పు గూడ దొరకలేదా సునందా?”

ప్రెస్సు యజమాని నర్సింగరావు ప్రూఫుల కట్టను ఆ కొస నుంచి ఈ కొస దాకా తిరగేశాడు. ఎక్కడా ఎర్ర గీత లేదు.

“దొరకక గాదు సారూ. సదువుకుంట సదువుకుంట దిద్దుడే మర్శిన.”

పెళ్ళయి జనగామ వచ్చినప్పటి నుంచీ సునంద ఈ ప్రెస్సులోనే ప్రూఫులు దిద్దుతోంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, సన్మాన పత్రాలు! నవల రావడం ఇదే మొదలు. రాసింది నర్మెట్ట మొండయ్య. ఎవరికీ తెలియని పేరు. ఏముంటుందిలే అనుకుంటూనే ఇంటికి పట్టుకెళ్ళింది. అంతే, పొయ్యి మీద అన్నం మాడిపోయింది. నవలలో లక్ష్మవ్వ ఎండిపోయిన బోరును తిట్టే తిట్లకు ఒక్కతే పడీపడీ నవ్వింది. ఆ లక్ష్మవ్వే చివరికి బోరు పక్కన కూలబడి, “నువ్వన్న జర ఏడువ్వే, చేను తడుస్తది” అన్నచోట వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత బాగుంటుందని ఎవరనుకున్నారు!

“మర్శినవు గద, ఇప్పుడు దిద్దు,” అన్నాడు నర్సింగరావు. “వచ్చినం, పోయినం అన్నకాడల్ల వచ్చాం, వెళ్ళాం అని పెట్టు. బుక్కు బెజవాడ దుకాణాలల్ల గూడ అమ్ముడు వోవాలె. గిట్లనే పోతే నవ్వుతరు.”

“వాళ్ళ నవ్వు ఎట్లుంటదో నాకు తెల్వదా? నవ్వనియ్యుండ్రి.”

బయట సకల జనుల సమ్మె ఊరేగింపు పోతోంది. డప్పుల మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. సునంద అటు చెయ్యి చూపింది.

“రోడ్డు మీద రాష్ట్రం గావాల్నని ఒర్లుకుంట, లోపట కూసోని మాటలు మారుద్దమా? సిగ్గుండాలె!”

మూలన బెంచీ మీద కూర్చుని వింటున్న మొండయ్య గొంతు సవరించుకున్నాడు.

“పోనియ్యి అక్కా. మార్చుండ్రి. అచ్చయితే సాలు నాకు.”

“నోర్ముయ్యి!” సునంద ఇంతెత్తున లేచింది. “లక్ష్మవ్వ ‘వెళ్ళాము’ అంటదా? అన్నదంటే సచ్చినట్టే. రాసినోనివి, నీకే రోషం లేకపోతే ఎట్ల తమ్మీ?”

ఆమె నర్సింగరావు వైపు తిరిగింది.

“నేనైతే దిద్ద సారూ. ఇంకెవలతోనన్న దిద్దించుకోండ్రి. రేపట్సంది నేను రాను.”

సంచి భుజాన వేసుకుంది. భర్త పోయాక ఇల్లు గడిచేది ఈ జీతం మీదే. అయినా గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

“ఆగు తల్లీ, ఆగు!” నర్సింగరావు రెండు చేతులూ ఎత్తేశాడు. “పేరుకు మొండయ్య ఆయన, అసలు మొండిదానివి నువ్వు! గిట్లనే అచ్చేస్త. ఒక్క అక్షరం ముట్ట. సరేనా?”

మొండయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఎంతైనా మనోళ్ళు మనోళ్ళే అక్కా! గీ మాట మీద గింత పాణం ఇంకెవలకుంటది? మీ తల్లిగారిది ఏ ఊరు? కురవా, దంతాలపల్లా?”

“తెనాలి.”