గుండె లెక్క

పరుగు పందెంలో ఎత్తు ఎక్కుతుండగా మా ఆయన చేతి వాచీ కుయ్యిమంది.

"గుండె నూట డెబ్బై దాటింది! ఆగు, ఆగు!" అంటూ రోడ్డు పక్కన కూలబడ్డారు. మొహాన చెమట చుక్క లేదు.

"ఆయాసంగా ఉందా?"

"ఆయాసాన్ని ఎవడు నమ్ముతాడు? ఛాతీకి కట్టుకున్న పట్టీ కొలుస్తుంది, వాచీ చెబుతుంది. నీలా ఒంటికి తోచినట్టు పరిగెత్తడం మోటు పద్ధతి."

ఎదురు చెప్పడానికి ఊపిరి ఉంటేగా! పక్కనే చతికిలబడి నీళ్లు తాగాను.

వాచీ శాంతించాక లేచాం. నాలుగడుగులు వేశామో లేదో మళ్లీ కూత, మళ్లీ చతికిలబడటం. మోకాళ్ల నొప్పుల తాతగారొకరు మమ్మల్ని జాలిగా చూస్తూ దాటిపోయారు.

ఎలాగో చివరి గీత దాటాం. ఆయన చొక్కాలోంచి పట్టీ విప్పి నా చేతిలో పెట్టారు. వాచీ మాత్రం నూట నలభై చూపిస్తూనే ఉంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పట్టీ తీసేశాక కూడా కొట్టుకుంటోందే! ఇదెవరి గుండె?"

"నాది," అని నా చొక్కా కింది రెండో పట్టీ చూపించాను. "పోయినసారి ఆ ఎత్తు దగ్గరే 'నా గుండె బాగానే ఉంది' అంటూ నన్నొదిలేసి పోయారుగా. ఈసారి నాదీ కాస్త చూస్తారని, పొద్దున్నే మీ వాచీని దీనికి కలిపాను."