రెండో సూట్‌కేసు

"ఫోన్ ఎందుకే తల్లీ, అక్కడ కొత్తది ఇస్తారు! పాస్‌పోర్టు కూడా వాళ్ళే భద్రంగా దాస్తారు," అంటూ అత్త మేనకోడలి చేతిలోంచి ఫోన్ లాగేసుకుంది. బయట కారు హారన్ కొడుతోంది.

సూట్‌కేసు సర్దుతున్న తల్లి మురిసిపోయింది. ఆడపడుచంటే ఇలా ఉండాలి! ఉండడానికి ఏసీ గదట, పనల్లా ఓ ముసలావిడకి కబుర్లు చెప్పడమేనట. కబుర్లకి జీతమిచ్చే దేశం ఒకటుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు.

"ఇంత సుఖం నాకొక్కదానికేనా అత్తా? పాపం, మీ అమ్మాయి కూడా ఖాళీగానే ఉందిగా! పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నా," అంది పిల్ల.

అనడమే తరువాయి, అత్త కూతురు రెండో సూట్‌కేసుతో గుమ్మంలో దిగనే దిగింది. "అమ్మా, కార్లో నాకూ చోటుందా?"

అత్త మొహం పాలిపోయింది. "నోర్ముయ్! నడు ఇంటికి! వాళ్ళ చేతిలో పడితే ఏం చేస్తారో తెలుసా నీకు?"

అనేశాక నాలిక కరుచుకుంది.

బయట హారన్ మళ్ళీ మోగింది. తల్లి లేచి తలుపు గడియ పెట్టింది. వదిన చేతిలోంచి ఫోన్ తీసుకుని కూతురికిచ్చింది.

"పోలీసులకి కలపవే. నువ్వు కూర్చో వదినా, ఏం చేస్తారో మాకూ చెబుదువుగాని."