చలికాలం చక్రాలు

“రెండు సైజులు తగ్గించి వేస్తే సరి,” అన్నాడు మిలెంకో, ఆలోచించే పనే లేనట్టు. “చక్రం చిన్నదైతే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు అరవై చూపిస్తుంది, బండి మాత్రం యాభై చిల్లరలో పోతుంది. మీ నాన్న అరవైలో వెళ్తున్నాననే అనుకుంటాడు.”

గోయ్కో భయంభయంగా చుట్టూ చూశాడు. తొలి మంచు కబురు అందితే చాలు, ఊళ్లో కార్లన్నీ, మంచులో జారని చలికాలం చక్రాలు వేయించుకోవడానికి, మిలెంకో టైర్ల షాపు ముందే బారులు తీరతాయి. అందరూ ఎరిగినవాళ్లే. ఎవరి చెవినైనా పడిందేమోనని గొంతు తగ్గించాడు.

“ఆయనకి తెలిసిపోదూ బాబాయ్?”

“నా నోటినుంచైతే రాదు. మీ ఇంటి గుట్లన్నీ నా కడుపులోనే ఉంటాయి,” అని మిలెంకో జాకీ అందుకున్నాడు.

గోయ్కో తండ్రి వితోమిర్ లోయ రోడ్డు మీద బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ మలుపులన్నీ ఆయనకి కొట్టిన పిండి. కళ్లు మసకబారినా, చేతులు మందగించినా వేగం మాత్రం తగ్గించడు. తగ్గించమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

వారం క్రితం మనవరాలు యాగొదా భోజనాల దగ్గర పకపకా నవ్వుతూ చెప్పింది. “తాతయ్య మఠం నుంచి సైకిలు మీదొచ్చే సాధువుగారిని పొదల్లోకి తోలేశాడు! ఆయన టోపీ కొమ్మకి తగులుకుంది!”

గోయ్కో భార్య దుబ్రావ్కా నవ్వలేదు. పిల్ల నిద్రపోయాక తేల్చి చెప్పింది. “రేపట్నుంచి పిల్లని ఆ కారెక్కించను. ఆ మాట మీ నాన్నకి నువ్వే చెప్పుకో.”

మనవరాలిని బడి నుంచి తీసుకురావడం ఒక్కటే ఆ ముసలాయనకి మిగిలిన ఉద్యోగం. అదీ లాగేసుకుంటే మనిషి కిటికీ పక్కన కూలబడిపోతాడు.

అయినా చెప్పడానికి తనకేం మొహముంది? రెండేళ్ల క్రితం ఇదే గోయ్కో దూకుడుగా తోలి, పిల్లతో సహా కారుని వంతెన కమ్మీకి గుద్దేశాడు. పిల్లకి నుదుటి మీద చిన్న గాయంతో సరిపోయింది. వితోమిర్ పల్లెత్తు మాట అనలేదు. ఆ వారంలోనే కొడుకు కారుకి చలికాలం చక్రాలు కొనిచ్చాడు. ప్రతి ఏడూ తనే మిలెంకో దగ్గరికి తీసుకెళ్లి వేయించుకొస్తాడు. గోయ్కో వాటి వంక తొంగి చూసిన పాపాన పోలేదు. తను బడిలో మాష్టారు కదా, తీరికెక్కడ? చలికాలంలో మాత్రం ఎంత తోలినా మొదటి పీరియడుకి అందుకోలేడు, మంచు మీదికి నెపం నెడతాడు.

అలాంటి తండ్రిని మోసం చేస్తున్నాడు. అదీ ఆయన పుట్టినరోజు కానుక పేరుతో!

సాయంత్రం తండ్రి కారుని ఇంటికి తెచ్చాడు. వితోమిర్ బయటికొచ్చి నాలుగు చక్రాలూ తడిమి చూశాడు. గోయ్కో అడక్కముందే సంజాయిషీ అందుకున్నాడు.

“పాతవి అరిగిపోయాయి నాన్నా. అందుకని...”

“అంటే నువ్వు కూడా నాకు చక్రాలు కొనిచ్చావన్నమాట,” అన్నాడు ముసలాయన. చెవి గోక్కున్నాడు. అంతలోనే తేరుకుని, గోడ అవతల ఆకులూడుస్తున్న పక్కింటాయనని కేకేశాడు. “చూశావటోయ్, మా వాడు కొనిచ్చాడు! మీ వాడు నీకేమిచ్చాడు? జలుబేనా?”

పక్కింటాయన వచ్చి మెచ్చుకున్నాడు. గోయ్కోకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

“ఎక్కు, ఒక చుట్టు తిరిగొద్దాం,” అన్నాడు వితోమిర్.

వంతెన దాటగానే ఆయన సిగరెట్టు వెలిగించాడు. బస్సు నడిపే రోజుల నుంచీ అదే ఆయన గడియారం. వంతెన దగ్గర వెలిగిస్తే, అరవైలో పోతే, మఠం మలుపు దగ్గర ఆఖరి దమ్ము. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఈ సంగతి గోయ్కోకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ మర్చిపోయాడు. ఇప్పుడు, సిగరెట్టు అంటుకున్నాక, గుర్తొచ్చింది.

మీటరు ముల్లు అరవై మీద కదలకుండా నిలబడింది. పక్కన మొరావా నది నల్లగా పారుతోంది. సిగరెట్టు సగమైంది. రోడ్డు సగం కాలేదు. గోయ్కో ఆ నిప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు. పొగ కాస్త ఆగితే బాగుండును, మలుపు కాస్త ముందుకొస్తే బాగుండును.

సిగరెట్టు వేళ్ల దాకా కాలింది. మఠం మలుపు ఇంకా కనుచూపు మేరలో లేదు.

వితోమిర్ పీకని నలిపి మీటరు వంక చూశాడు. వేళ్ల వంక చూసుకున్నాడు. కారుని రోడ్డు వారకు తీసి ఆపాడు.

“నాన్నా, క్షమించు,” అన్నాడు గోయ్కో. “యాగొదా కోసం... నీతో ఎదురుగా చెప్పే మొహం లేక... దొంగలా చేశాను.”

వితోమిర్ తిట్టలేదు. కొట్టడానికి చెయ్యెత్తినా బాగుండేది. స్టీరింగు పట్టుకుని నది వైపే చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు మొహంలోకి చూడలేక తల వంచుకున్నాడు.

“నీ కారుకి నేను కొనిచ్చినవీ ఇలా సైజు తగ్గించినవే రా, రెండేళ్లుగా నీతో చెప్పుకోలేక చస్తున్నాను.”