తెల్ల రంగు కింద

"గట్టిగా రుద్దవే! ఇన్నేళ్లలో నేను ఒక్క గీత పడనివ్వలేదు. కారు నీకిచ్చిన వారానికే గేటుకి గీకేశానంటావు," అన్నాడు మెర్విన్.

అడిలైడ్ ఎండకి కాగిపోతున్న షెడ్డులో కూర్చుని, లొరెల్ కారు సైడ్ మిర్రర్ తొడుగుని గరుకు వాటర్ పేపర్‌తో రుద్దుతోంది. పోయినేడాది చనిపోయిన అమ్మ తోటపని గ్లోవ్స్ వెనకాల ఇందాకే ఆమెకి సగం వాడిన తెల్ల రంగు స్ప్రే డబ్బాలు దొరికాయి.

తెలుపు అరిగి అడుగున బూడిదరంగు ప్రైమర్ పూత తేలింది. ఇంకాస్త రుద్దితే మళ్లీ తెలుపు, దాని కింద మళ్లీ బూడిద. లొరెల్ చెయ్యి ఆగిపోయింది.

"నాన్నా, దీనికి మళ్లీ మళ్లీ రంగు వేశారు."

"ఎవరే వేసేది? కంపెనీ రంగది."

"అమ్మ. నువ్వు గీకినప్పుడల్లా నీకు తెలియకుండా వేసేది."

"చచ్చిపోయినదాని మీద చాడీలా?"

ఆమె తొడుగుని తుడిచి అతని చేతిలో పెట్టింది. "నువ్వే చూడు. కోసిన ఉల్లిపాయలా ఎన్ని చుట్లున్నాయో."

మెర్విన్ దాన్ని వెలుతురులోకి పట్టి, కళ్లు చికిలించి, అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కడే? అంతా తెల్లగానే ఉందిగా!"

లొరెల్ మెల్లగా కారు తాళాలు గుప్పిట్లోకి తీసుకుంది.

"అవి ఇటియ్యి. నీ కూతుర్ని బడి నుంచి తేవాలి," అంటూ మెర్విన్ చెయ్యి చాచాడు. "మీ అమ్మయితే పక్కన కూర్చుని 'ఎడమకి తిప్పు, ఆగు, మనిషున్నాడు' అంటూ దారంతా ప్రాణం తీసేది. ఇప్పుడా పోరు లేదు. హాయిగా ఉంది."