గుండు తప్పిన చెట్టు

గేటు బయట ఆ మనిషి మళ్లీ కనిపించాడు.

"రోజూ వస్తున్నాడు మేడం. వచ్చి పైకే చూస్తున్నాడు," అంది వంటావిడ కిటికీలోంచి తొంగి చూస్తూ.

లేడీస్ హాస్టల్ ముందు నిలబడి పైకి చూసే మగాడిని నమ్మేంత అమాయకురాలు కాదు వార్డెన్. అమ్మాయిలు ఆమెకి చాటుగా పెట్టుకున్న పేరు ‘కెమెరా’.

పైగా మొన్ననే మూల గది అమ్మాయి వచ్చి చెప్పుకుంది.

"ఆఫీసులో ఒకడు వెంటపడుతున్నాడాంటీ. నా కోసం రావాల్సినవాళ్లెవరూ లేరు. ఎవరొచ్చినా లేనని చెప్పండి."

ఇంట్లో మాటపట్టింపు వచ్చి, బ్యాగు సర్దుకుని వచ్చేసిన పిల్ల. వెనకాల అడిగే దిక్కు లేదు. ఈగని కూడా గేటు దాటనివ్వనని మాటిచ్చింది వార్డెన్.

ఆమె విసవిసా గేటు దగ్గరికి నడిచింది. తీరా చూస్తే జుట్టు నెరిసిన మనిషి. భుజాన సంచీ.

"ఏమయ్యా, ఏం కావాలి?"

"ఈ చైనా గోరింట..." గేటు పక్క చెట్టు చూపించాడు. "ఏటా ఇలాగే నరికిస్తారా అమ్మా?"

"గుండు కొట్టిస్తాం. రేపు మనిషి వస్తాడు. అయితే?"

"కొట్టించకండి. నరికిన చోటల్లా బుడిపెలు కట్టింది చూడండి. వాటిల్లోంచి గుంపుగా బక్క రెమ్మలొస్తాయి. పూలగుత్తి తడిస్తే ఆ బరువుకే వంగిపోతాయి."

"నర్సరీవాడివా?"

"కాదమ్మా. తెలుసంతే. నేను చేసి పెడతాను. ఏమీ ఇవ్వక్కర్లేదు."

ఊరికే చేస్తాననేసరికి వార్డెన్‌కి అనుమానం బలపడింది. అయినా సరేనంది. దొంగ గోడవతల ఉండటంకంటే కళ్లెదుట ఉండటమే మేలు.

అమ్మాయిలంతా ఆఫీసులకి వెళ్లాకే లోపలికి రానిచ్చింది. వంటావిడని స్టూలేసి కాపలా కూర్చోబెట్టింది.

అతను సంచీలోంచి కత్తెర తీశాడు. చెట్టు మొదట్లో మొలిచిన పిలకల్ని నేలకంటా తీసేశాడు. బుడిపె బుడిపెకీ ఒక గట్టి రెమ్మని ఉంచి మిగతావి కోశాడు. ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో బలహీనమైనదాన్ని తీసేశాడు. కోసే ముందు ప్రతిసారీ వెనక్కి జరిగి, తలెత్తి చూసేవాడు.

"చెట్టునా, కిటికీనా?" గొణిగింది వంటావిడ.

వార్డెన్ కూపీ లాగింది. "ఇప్పుడే ఎందుకు? ఎండలు ముదిరాక కొయ్యకూడదా?"

"కొత్త చిగురుకే పూలు పూస్తాయమ్మా. చలి వెళ్తూ వెళ్తూ ఉండగా, ఇంకా చిగురు పుట్టకముందే కొయ్యాలి."

మధ్యాహ్నానికి కింద పడ్డవి చంకెడు పుల్లలు. చెట్టుకి కత్తెర తగిలినట్టే లేదు.

"పొద్దుట్నుంచీ చేసిన పని ఇదా? మరి మిగతా టైమంతా ఏం చూసినట్టు?" వంటావిడ చెవిలో అంది వార్డెన్.

అతను పుల్లలు కట్ట కడుతూ, తలెత్తకుండా అడిగాడు.

"ఆ మూల గదిలో అమ్మాయి... బాగుందామ్మా?"

"అదీ! అనుకుంటూనే ఉన్నా!" వంటావిడ స్టూలు మీంచి లేచింది.

"ఆ పిల్లతో నీకేం పని?" వార్డెన్ గొంతు వీధంతా వినిపించింది. "ఎవరొచ్చినా లేనని చెప్పమంది. ఎవరి మొహమూ చూడనంది. తెలిసిందా?"

"అలా అందా?"

"అంది. మళ్లీ ఇటు కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తా."

అతను చీపురందుకున్నాడు. ఒక్క పుల్ల కూడా మిగలకుండా ఊడ్చాడు. గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పీడ విరగడైందనుకుంది వార్డెన్. లేనిపోని భయం ఎందుకని అమ్మాయికి ఈ సంగతే చెప్పలేదు.

వేసవిలో చెట్టు విరగబూసింది. మూల గది కిటికీ దాకా గులాబీరంగు గుత్తులు. వాన కొట్టినా ఒక్క కొమ్మా వంగలేదు.

ఆ రోజుల్లోనే మూల గది అమ్మాయి పంతం వదిలి ఇంటికి బయల్దేరింది. వెళ్లిన మర్నాడే తిరిగొచ్చింది. చెట్టు కింద బ్యాగు దింపి అలాగే నిలబడిపోయింది.

"ఏమైందమ్మా? అప్పుడే వచ్చేశావేం?"

"ఇంట్లో వేరేవాళ్లున్నారాంటీ. నాన్న అమ్మేశారట. పెరట్లో ఆయన పెంచిన చైనా గోరింటని కూడా వాళ్లు కొట్టేశారు."

"మరి మీ నాన్నగారు?"

"ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. ఫోను కలవట్లేదు." చున్నీతో కళ్లు తుడుచుకుంది. "చలి తగ్గుతుండగా వెళ్లారట. ఇక కూతురి దగ్గరే ఉంటానని అందరికీ చెప్పి మరీ బయల్దేరారట... ఇక్కడికెవరూ రాలేదు కదాంటీ?"