లైసెన్సు మొక్కు

“ఈ ఒక్కపొద్దులు ఇగ చాలే. చిక్కి సగమైనవ్,” అన్నాడు పర్శరాములు అన్నం కలుపుకుంటూ.

“నీ పరీక్ష అయ్యేదాక విడువ. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కిన,” అంది అతని భార్య అనసూర్య.

ఆ మాటతోనే అతనికి కడుపు నిండిపోయింది. కాగితం మిల్లులో ఎన్నేళ్లు మోటార్లు చూస్తే ఏం లాభం? కరెంటు పని లైసెన్సు లేనిదే బయట ఎవరింట్లో బల్బు పెట్టినా దొంగపని కిందే లెక్క. అది చేతికొస్తే మిల్లుకో దండం పెట్టి బోథ్ పక్కనున్న సొంతూరికి పోవచ్చు. కరెంటు స్తంభాలు ఇప్పుడిప్పుడే అటు దిగుతున్నాయి. కళ్లు మూసుకుంటే చాలు, పొద్దుగూకే వేళ తను పెట్టిన దీపాలు ఇంటింటా వెలిగేవి. ఆ వెలుగులో కాళ్లు నేలకానకుండా నడిచేవాడు.

“మిల్లుల మెయిన్ బంద్ చేసి పనికి దిగుతవ్. బయట నువ్వు స్తంభం మీదున్నప్పుడు ఎవడన్న తెల్వక కరెంటు చాలు చేస్తేనో?” అంది అనసూర్య.

ఆమె తమ్ముడు భూమన్న పోయిన వానాకాలమే బావికాడ మోటారు తీగ ముట్టి ప్రాణం విడిచాడు. పర్శరాములు గొంతు తగ్గించాడు.

“వానికి పని తెల్వక గట్లయింది. లైసెన్సున్నోడు పక్కనుంటే బతుకుతుండె. అందుకే గద నా తండ్లాట.”

అనసూర్య కళ్లు తుడుచుకుంది. నా మీద ఎంత ఆశ పెట్టుకున్నదో పిచ్చిది అనుకుంటే అతని గుండె కరిగిపోయింది.

కరీంనగర్‌లో పరీక్షనాడు ఇన్‌స్పెక్టరు అడిగినవాటికల్లా కలలో మాట్లాడినట్టు జవాబులు చెప్పాడు. స్వామే నాలుక మీద కూర్చున్నాడనుకున్నాడు. కొన్నాళ్లకు లైసెన్సు వచ్చింది.

“నీ మొక్కు ఊకె పోలే,” అని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అనసూర్య పీట మీద కూలబడింది. సంతోషం ఎక్కువైతే ఆడవాళ్లంతేనని అతను నవ్వుకున్నాడు.

మర్నాడే ధర్మపురి పోయారు.

“నువ్వెందుకు వెంట్రుకలిచ్చుడు? వద్దయ్యా,” అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. గుండు చేయించుకుని గోదావరిలో మునిగి లేచేసరికి నీళ్ల మీద ఎండ పరుచుకొని ఉంది. అవతలి గట్టు మీది ఊళ్లన్నీ తన కోసమే కాచుకొని ఉన్నట్టు తోచింది. ఒడ్డున కూర్చున్న భార్య పక్కకు చేరాడు.

“దేవుని మొక్కు ఉంచుకోవద్దే. ఇంతకు స్వామిని ఏమని అడిగినవ్?”

అనసూర్య అతని గుండు మీది నీళ్లు కొంగుతో తుడిచింది.

“లైసెన్సు రానియ్యకని.”